వార్డుకా, మేయర్ పదవికా? పార్టీ తరఫునా, ఇండిపెండెంటుగానా? నగర ఎన్నికల్లో నిలబడాలనుకునేవాళ్లకు

నగర ఎన్నికల్లో నిలబడాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "నేను గెలుస్తానా?" అని. మూడు ప్రచారాల్లో వాలంటీరుగా తిరిగాక, సలహా కోసం వచ్చినవాళ్లను నేను ఎదురు ప్రశ్న అడగడం అలవాటు చేసుకున్నాను. గెలిచాక ఏ పని చేయాలనుకుంటున్నారు? ఆ పని జరగాలంటే కాగితం మీద ఎవరి సంతకం పడాలి? దీనికి జవాబు తెలియకుండానే నామినేషన్ వేసినవాళ్లున్నారు. నాకు తెలిసిన ఒకాయన ప్రచారమంతా మంచినీళ్ల మీదే చేశారు. గెలిచారు కూడా. నీటి సరఫరా నగర కౌన్సిల్ చేతిలో లేదని, దానికి వేరే బోర్డు ఉందని ఆయనకు ఆ తర్వాతే తెలిసింది. పదవీకాలమంతా ఆ బోర్డుకు ఉత్తరాలు రాయడంతోనే సరిపోయింది. అంత నిజాయితీగల మనిషి కష్టం అలా వృథా కావడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

అందుకే గెలుపు లెక్కలను నేను కాస్త వెనక్కి పెడతాను. మొదట ఏ పదవి అన్నది తేల్చుకోవాలి. తర్వాత ఎంతమంది ఓటర్ల ముందుకు వెళ్లాలి, ఎవరి గుర్తు మీద వెళ్లాలి, ఇప్పుడా వచ్చేసారా అన్నవి చూసుకోవాలి. చాలామంది దీన్ని తిరగేసి మొదలుపెడతారు. పార్టీవాళ్లు టికెట్ ఇస్తామన్నారు కాబట్టి ఒప్పుకుంటారు, ఏ సీటు చూపిస్తే ఆ సీటుకు నిలబడతారు, ఏం చేయాలో గెలిచాక ఆలోచిద్దాం అనుకుంటారు.

కౌన్సిలర్ సీటా, మేయర్ పదవా

నగరం అనగానే అంతా మేయర్ చేతిలోనే ఉంటుందనుకుంటాం. కానీ ఒక్కో నగరానిది ఒక్కో ఏర్పాటు. లండన్‌లో 2000 నుంచి మేయర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకుంటున్నారు. బస్సులు, భూగర్భ రైళ్లు మేయర్ కిందికి వస్తాయి. ఇళ్ల దగ్గర చెత్త తీసే బాధ్యత మాత్రం బరో కౌన్సిళ్లది, అంటే నగరంలో ఒక్కో ప్రాంతాన్ని చూసుకునే స్థానిక కౌన్సిళ్లది. అలాంటి బరోలు 32 ఉన్నాయి. వీటికి తోడు 25 మంది సభ్యుల లండన్ అసెంబ్లీ ఉంది. మేయర్‌ను నిలదీసి అడగడం దాని ముఖ్యమైన పని. మేయర్ బడ్జెట్‌ను మార్చాలంటే అక్కడ మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. కాబట్టి బస్సు చార్జీలు తగ్గించాలన్న పట్టుదల ఉన్న మనిషి బరో కౌన్సిలర్‌గా చేయగలిగింది తక్కువ. వీధిలో చెత్త చూసి భరించలేక రాజకీయాల్లోకి వచ్చిన మనిషికి అసెంబ్లీ సీటు పనికిరాదు.

అమెరికాలో ఫీనిక్స్, డాలస్, శాన్ ఆంటోనియో లాంటి పెద్ద నగరాల్లో రోజువారీ పాలన నడిపేది కౌన్సిల్ నియమించిన సిటీ మేనేజర్. మేయర్ సమావేశాలకు అధ్యక్షత వహిస్తారు, కౌన్సిల్‌లో ఒక ఓటు వేస్తారు. అలాంటి చోట మేయర్‌కూ కౌన్సిలర్‌కూ అధికారంలో ఉన్న తేడా మనం ఊహించుకునేంత ఉండదు. ప్రచారంలో పడే శ్రమలో, ఖర్చులో మాత్రం బోలెడు తేడా ఉంటుంది. భారతదేశంలో 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ, పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలను పన్నెండో షెడ్యూల్లో చేర్చింది. వాటిలో ఏవి ఎంతవరకు అప్పగించాలన్నది రాష్ట్రాల చేతిలో ఉంది. చాలా నగరాల్లో అమలు చేసే అధికారం కమిషనర్ దగ్గరే ఉంటుంది. కొన్ని రాష్ట్రాల్లో మేయర్‌ను ప్రజలు నేరుగా ఎన్నుకుంటారు, మరికొన్నింటిలో వార్డుల నుంచి గెలిచినవాళ్లు తమలో ఒకరిని ఎన్నుకుంటారు. ఈ రెండో చోట మేయర్ కావాలనుకునేవాళ్లు కూడా ముందు ఒక వార్డు గెలవాల్సిందే.

మీ నగరంలో ఎలా ఉందో తెలుసుకోవడానికి నిపుణులెవరూ అక్కర్లేదు. కౌన్సిల్ సమావేశాలకు ఒక మూడుసార్లు వెళ్లి వెనక వరుసలో కూర్చోండి. ఏ అంశాన్ని ఎవరు ప్రవేశపెడుతున్నారు, ఎవరు అడ్డు చెబితే ఆగిపోతోంది, ఏది చర్చ లేకుండానే పాసైపోతోంది, ఇవన్నీ రాసుకోండి. తర్వాత నగర బడ్జెట్ తెరిచి మీ సమస్యకు సంబంధించిన పద్దు వెతకండి. ఎంత వెతికినా ఆ పద్దు కనిపించకపోతే, ఆ పని ఈ సంస్థది కాదేమోనని అనుమానించాలి. మంచినీళ్ల ఉదాహరణలో ఆయన ఈ ఒక్క పని చేసి ఉంటే సరిపోయేది.

మొదటిసారి నిలబడేవాళ్లకు నేను కౌన్సిలర్ సీటే చెబుతాను. సీటు చిన్నదన్న ఉద్దేశంతో చెప్పట్లేదు. కౌన్సిలర్‌కు బడ్జెట్ మీద ఓటుంటుంది, కమిటీలో చోటుంటుంది, అధికారులను ప్రశ్న అడిగి రికార్డులో జవాబు రాబట్టే అవకాశం ఉంటుంది. ఫైలు ఎలా కదులుతుందో నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. మేయర్ పదవికి వెళ్లాలంటే మరో రెండు ఉండాలి. ఒకటి, నగరమంతటా మీ పేరు తెలిసి ఉండాలి. రెండోది, మీ ప్రతిపాదనకు కౌన్సిల్‌లో చేయెత్తే మనుషులుండాలి. ఈ రెండోదాన్ని జనం మర్చిపోతారు.

అమెరికా రాజకీయ నాయకుడు బెర్నీ శాండర్స్ సంగతి దీనికి మంచి ఉదాహరణ. 1981లో వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్ నగరానికి ఇండిపెండెంట్‌గా నిలబడి, రీకౌంటింగ్ తర్వాత 10 ఓట్ల తేడాతో ఆయన మేయరయ్యారు. కౌన్సిల్‌లో ఎక్కువమంది ఆయనకు వ్యతిరేకులు. ఆయన పదవుల్లో పెట్టుకోవాలనుకున్నవాళ్లను కౌన్సిల్ తిరస్కరించింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఆయన మద్దతుదారులు కౌన్సిల్‌లో పెరిగాక గానీ పని ముందుకు సాగలేదు. మేయర్ పదవికి పోటీ చేసేవాళ్లు తమ ఒక్క ప్రచారంతో ఆగకుండా, తమతో కలిసి నడిచే నలుగురైదుగురు వార్డు అభ్యర్థులను కూడా ముందే వెతుక్కోవాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఒక్క వార్డా, నగరమంతానా

కౌన్సిలర్ అన్న మాట ఒకటే అయినా పని మాత్రం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. షికాగో జనాభా సుమారు 27 లక్షలు, కౌన్సిల్ సీట్లు 50. అంటే ఒక్కో సీటు కింద యాభై నాలుగు వేల మంది. లాస్ ఏంజిలెస్ జనాభా దానికన్నా ఎక్కువ, 38 లక్షలకు పైనే. అయినా సీట్లు 15 మాత్రమే, కాబట్టి ఒక్కో సభ్యుడి కింద రెండున్నర లక్షలు దాటుతారు. షికాగో వార్డులో ఓపికున్న అభ్యర్థి వీధివీధీ తిరగగలడు. లాస్ ఏంజిలెస్‌లో అది ఒక్క మనిషి వల్ల కాదు, అక్కడ డబ్బు, సంస్థలు, పత్రికల మద్దతు తప్పవు.

మీ వార్డుకు ఈ లెక్క మీరే వేసుకోవచ్చు. ఉదాహరణకు ఓటర్లు 12,000 అనుకుందాం. పోలింగ్ 45 శాతం అయితే పడే ఓట్లు 5,400. గట్టి పోటీ ముగ్గురి మధ్యే ఉంటే 2,300 ఓట్ల దగ్గర గెలుపు ఉండొచ్చు. ఇప్పుడు నడక లెక్క చూద్దాం. సాయంత్రం రెండు గంటలు తిరిగితే సుమారు 30 తలుపులు తట్టగలరు. నాలుగు నెలలు ఒక్క రోజు కూడా మానకుండా తిరిగితే 3,600 తలుపులు. సగం ఇళ్లలో మనిషి దొరకరు. అంటే మీరు ముఖాముఖి మాట్లాడగలిగేది 1,800 ఇళ్లతో. ఇంటికి రెండు ఓట్లు అనుకున్నా, అందులో ఎంతమంది పోలింగ్‌కు వస్తారు, వచ్చినవాళ్లలో ఎంతమంది మీకు వేస్తారు? ఈ లెక్క చూశాక ఒంటరిగా సరిపోతానా, ఇంకో నలుగురు కావాలా అన్నది దానంతటదే తేలిపోతుంది. 12,000 ఉన్నచోట మీ వార్డులో 40,000 ఉంటే నలుగురు కూడా చాలరు.

ఓటర్ల గీత ఎక్కడ పడిందన్నది ఎంత తేడా తెస్తుందో, అమెరికాలో స్వలింగ సంపర్కుల హక్కుల కోసం పోరాడిన హార్వీ మిల్క్ జీవితంలో కనిపిస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో నగర కౌన్సిల్ లాంటిది సూపర్‌వైజర్ల బోర్డు. దానికి ఆయన 1973లోనూ 1975లోనూ నిలబడి ఓడిపోయారు. అప్పుడు ప్రతి అభ్యర్థీ నగరమంతటా ఓట్లడగాలి. 1976లో ఓటర్లు ఆ పద్ధతి మార్చి జిల్లాలవారీ ఎన్నిక తెచ్చుకున్నారు. 1977లో, తన కెమెరా దుకాణం ఉన్న, స్వలింగ సంపర్కులు ఎక్కువగా ఉండే కాస్ట్రో ప్రాంతం కలిసిన జిల్లా నుంచి ఆయన గెలిచారు. తన మనుషులంతా ఒకేచోట ఉన్న అభ్యర్థికి వార్డు పద్ధతి అంతగా కలిసొస్తుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. మీరు ఎవరి కోసం నిలబడుతున్నారో వాళ్లు ఒకచోట లేకుండా నగరమంతా చెదిరి ఉంటే? తోపుడుబండ్ల వాళ్లు, వికలాంగులు, అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు, రోజూ బస్సెక్కేవాళ్లు ఏ ఒక్క వార్డులోనూ మెజారిటీ కారు. అందరినీ కలిపితే మాత్రం పెద్ద సంఖ్య అవుతారు. మీ నగరంలో నగరవ్యాప్త సీట్లు గానీ, ఓట్ల నిష్పత్తిలో సీట్లు పంచే దామాషా పద్ధతి గానీ ఉంటే అలాంటి అభ్యర్థికి అదే సరైన దారి. వార్డులో పుట్టి పెరిగాను కాబట్టి వార్డుకే నిలబడతాను అనుకునే ముందు ఈ కోణంలోనూ చూడండి.

పార్టీ టికెట్టా, సొంతంగానా

ఎక్కువమందిని నిద్రపోనివ్వని ప్రశ్న ఇదే. కొన్నిచోట్ల ఈ ప్రశ్నకు చట్టమే జవాబు చెప్పేస్తుంది. బ్రెజిల్‌లో పార్టీ సభ్యత్వం లేనివాళ్లు ఏ పదవికీ పోటీ చేయలేరు, 55 సీట్లున్న సావో పాలో నగర కౌన్సిల్‌కైనా సరే. దీనికి పూర్తి విరుద్ధంగా టొరంటోలో, షికాగోలో బ్యాలెట్ మీద పార్టీ పేరే ఉండదు. పేరు లేదు కదా అని పార్టీలు లేవనుకోకండి. ఎవరికి ఏ సంఘం మద్దతు, ఏ నాయకుడి ఆశీస్సులు అన్నది ఓటర్లు ఎలాగో తెలుసుకుంటారు.

రెండు దారులూ తెరిచి ఉన్నచోట, పార్టీ ఇచ్చేదేమిటో ముందు సరిగ్గా గుర్తించాలి. గుర్తు, జెండా, పెద్ద నాయకుడి ఫొటో పైకి కనిపించేవి. వాటికన్నా విలువైనది పోలింగ్ రోజు మనుషులు. వార్డులో 12 బూత్‌లున్నాయనుకోండి. ఒక్కో బూత్‌కు పొద్దుట ఒకరు, మధ్యాహ్నం నుంచి ఒకరు చొప్పున 24 మంది ఏజెంట్లు కావాలి. వాళ్లకు ఓటర్ల జాబితా చదవడం, అభ్యంతరం ఎప్పుడు చెప్పాలో తెలియడం, పెట్టెలు సీల్ చేసేదాకా కదలకుండా ఉండడం రావాలి. పార్టీకి ఈ మనుషులు ఏళ్ల తరబడి తయారై ఉంటారు. నేను తిరిగిన ప్రచారాల్లో ఒకటి ఇండిపెండెంట్‌ది. పోలింగ్ రోజు భోజనానికని వెళ్లిన మా ఏజెంట్లలో ఐదుగురు మళ్లీ రాలేదు. వాళ్లను తప్పుపట్టలేను, ఎవరూ వాళ్లకు ముందుగా ఏమీ నేర్పలేదు. ఆ మధ్యాహ్నం మా అభ్యర్థి ముఖంలో చూసిన టెన్షన్ నేను మర్చిపోలేను.

అందుకని ఇండిపెండెంట్‌గా నిలబడతానన్నవాళ్లకు నేను పెట్టే పరీక్ష ఒకటుంది. కాగితం తీసుకుని, పోలింగ్ రోజు తమ పని మానుకుని మీకోసం కూర్చునే 24 మంది పేర్లు రాయండి. బంధువుల పేర్లు రాసేటప్పుడు కాస్త నిజాయితీగా ఉండండి. పదిహేను దగ్గర కలం ఆగిపోతే ఈసారికి తయారుగా లేరనే అర్థం. పేర్లు నలభై దాటితే, ఏ పార్టీ గడపా తొక్కకుండా గట్టి పోటీ ఇవ్వగలరు.

పార్టీ ఇచ్చేదానికి బదులుగా తీసుకునేది కౌన్సిల్‌లో మీ ఓటు. ముఖ్యమైన అంశాల మీద గ్రూపు ఏం నిర్ణయిస్తే అదే వేయాలన్న కట్టుబాటు చాలా నగరాల్లో ఉంటుంది. ఇది చెడ్డదని నేను అనను. ఒంటరిగా వేసే ఓటు చాలాసార్లు ఏ ఫలితమూ తేదు, ఇరవై మంది కలిసి వేస్తే బడ్జెట్టే మారుతుంది. కానీ మీరు నిలబడిందే ఒక చెరువును కాపాడాలనో, ఒక కాలనీని ఖాళీ చేయించకుండా ఆపాలనో అయితే, సరిగ్గా ఆ విషయంలోనే పార్టీ ఆలోచన వేరుగా ఉంటే ఏం చేస్తారు? టికెట్ మాట్లాడే గదిలో ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడతారు. అడగాలి. ఏ అంశాల మీద విప్ ఉంటుంది, ప్రచారం ఖర్చు ఎవరిది, టికెట్ ఇవ్వాలా వద్దా అని చివరి మాట చెప్పేదెవరు, చివరి రోజు పేరు మారే అలవాటు ఉందా, ఇవి నలుగురి ముందు అడిగి తెలుసుకోండి. ఈ నాలుగు ప్రశ్నలకే చిరాకుపడే పార్టీలో గెలిచాక మీ మాట ఎవరూ వినరు.

పార్టీ కాదన్నా గెలిచినవాళ్ల కథలు బాగా ప్రచారంలో ఉంటాయి. వాటిని జాగ్రత్తగా చదవాలి. కెన్ లివింగ్‌స్టన్‌కు 2000లో లేబర్ పార్టీ లండన్ మేయర్ టికెట్ ఇవ్వలేదు. ఇండిపెండెంట్‌గా నిలబడి గెలిచారు. అంతకుముందే, 1981 నుంచి 1986 దాకా, ఆయన గ్రేటర్ లండన్ కౌన్సిల్‌కు నాయకుడిగా పనిచేసిన మనిషి. నగరంలో ఆయన పేరు తెలియనివాళ్లు తక్కువ. 2004లో ఆయన మళ్లీ లేబర్ తరఫునే నిలబడి గెలిచారన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. తెలియని పేరుతో మొదటిసారి వచ్చేవాళ్లకు ఆ దారి వర్తించదు.

ఈ రెండింటి మధ్య మూడో దారి ఒకటుంది. ఒకే ఆలోచన ఉన్న పౌరులు కలిసి నగరం వరకే ఒక వేదిక కట్టడం. ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో 2010లో హాస్యనటుడు యోన్ గ్నార్ నడిపిన కొత్త పార్టీ 15 సీట్లలో 6 గెలిచింది, సోషల్ డెమోక్రాట్లతో కలిసి నగరాన్ని పాలించింది. స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఇళ్ల నుంచి గెంటివేతలకు వ్యతిరేకంగా పోరాడిన అడా కొలావ్ 2015లో ఒక పౌర వేదిక తరఫున నిలబడ్డారు. 41 సీట్లలో ఆ వేదికకు వచ్చినవి 11 మాత్రమే, అయినా ఆమె మేయరయ్యారు. ఈ రెండు నగరాల్లోనూ ఓట్ల నిష్పత్తిలో సీట్లు పంచే పద్ధతి ఉంది. వార్డుకు ఒక్కరే గెలిచే పద్ధతిలో అదే వేదికకు ఓట్లు బాగానే వచ్చి సీట్లు రాకుండా పోవచ్చు. కాబట్టి మూడో దారి మీద ఆశ పెట్టుకునే ముందు మీ నగరంలో సీట్లు ఎలా లెక్కిస్తారో చూసుకోవాలి.

ఓటరు పార్టీ ఇచ్చిన పేర్ల జాబితాకు ఓటు వేసే పద్ధతి ఉన్నచోట "టికెట్ ఇచ్చారు" అన్న మాటకు అర్థమే వేరు. స్పెయిన్‌లో పార్టీ రాసిన వరుసను ఓటరు మార్చలేడు. మొదటి మూడు స్థానాల్లో ఉండడానికీ ఇరవయ్యో స్థానంలో ఉండడానికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. జర్మనీలోని మ్యూనిక్‌లో అలా కాదు. అక్కడి కౌన్సిల్‌లో 80 మంది సభ్యులు, ప్రతి ఓటరుకూ 80 ఓట్లు, ఒకే అభ్యర్థికి మూడు దాకా వేయొచ్చు. జాబితాలో కింద ఉన్నా, నలుగురికీ తెలిసిన డాక్టరో టీచరో పైవాళ్లను దాటుకుని గెలవగలరు. మొదటి రకం చోట పార్టీ లోపల మీ స్థానం కోసం పోరాడాలి, రెండో రకం చోట మీ పేరు జనంలోకి తీసుకెళ్లాలి.

ఓటు చీలిపోతుందన్న భయం కూడా లెక్కించే పద్ధతిని బట్టే ఉంటుంది. ఒక్క ఓటు పద్ధతిలో ఒకే ఆలోచన ఉన్న ఇద్దరు నిలబడితే ఇద్దరూ మునుగుతారు. అలాంటి చోట మీలాంటి అభ్యర్థి ఇంకొకరు ఉంటే, నామినేషన్‌కు ముందే కూర్చుని మాట్లాడుకోండి. మొదటి ఇష్టం, రెండో ఇష్టం అని వరుస క్రమంలో ఓటు వేసే పద్ధతిలో సంగతి మారిపోతుంది. అక్కడ వెనకబడిన అభ్యర్థిని తప్పించి, ఆ ఓట్లను ఓటరు తర్వాతి ఇష్టానికి కలుపుతారు. 2010లో అమెరికాలోని ఓక్లండ్ మేయర్ ఎన్నికలో మొదటి ప్రాధాన్య ఓట్లలో డాన్ పెరాటా ముందున్నారు. జీన్ క్వాన్ మాత్రం ఇతర అభ్యర్థుల మద్దతుదారుల దగ్గరకు కూడా వెళ్లి, కనీసం రెండో ఓటైనా నాకు వేయండని అడిగారు. చివరికి గెలిచింది ఆవిడే. ఇలాంటి నగరంలో పోటీదారులను తిట్టే అభ్యర్థి తన రెండో ఓట్లను తానే పోగొట్టుకుంటాడు.

ఇప్పుడా, వచ్చేసారా

ఇప్పుడున్న కౌన్సిలర్ మళ్లీ నిలబడుతున్నారా అన్నది మొదట తెలుసుకోండి. ఆయన తప్పుకుంటున్న సీటు, ఆయన మళ్లీ పోటీ చేస్తున్న సీటు ఒకటి కావు. ఖాళీ అవుతున్న సీటుకైతే తయారీ కాస్త తక్కువైనా నిలబడమనే అంటాను, ఆ అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు.

వచ్చేసారి చూద్దాం అనుకునేవాళ్లు ఒక సంగతి మర్చిపోకూడదు. వచ్చేసారికి వార్డు ఇలాగే ఉంటుందన్న హామీ లేదు. కెనడాలోని టొరంటోలో 2018 మే 1న నామినేషన్లు మొదలయ్యాయి, 47 వార్డులకు అభ్యర్థులు నెలల తరబడి తిరిగారు. మధ్యలో ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వం చట్టం తెచ్చి వార్డులను 25కు కుదించింది. అక్టోబర్ 22న ఎన్నిక ఆ 25 వార్డులకే జరిగింది. ఎంతోమంది తాము తిరిగిన వీధులకు పక్కన తెలియని వీధులను కలుపుకుని కొత్తగా మొదలుపెట్టాల్సి వచ్చింది. భారతదేశంలో రిజర్వేషన్లు వార్డుల మధ్య మారుతుంటాయి. ఈసారి జనరల్ అయిన వార్డు వచ్చేసారి మహిళలకో, మరో వర్గానికో వెళ్లొచ్చు. పక్క వార్డుల్లో కూడా పరిచయాలు పెంచుకోవడం ఇందుకే మంచిది.

ఓడిపోతే పరువు పోతుందన్న భయంతో ఆగిపోయేవాళ్లకు ఒక్క మాట. శాండర్స్ బర్లింగ్టన్ గెలవకముందు 1972 నుంచి 1976 మధ్య రాష్ట్రవ్యాప్త పదవులకు నాలుగుసార్లు నిలబడి నాలుగుసార్లూ ఓడారు. మిల్క్ గెలిచేలోపు మూడుసార్లు ఓడారు, బోర్డుకు రెండుసార్లు, రాష్ట్ర అసెంబ్లీకి ఒకసారి. జనం ఓడినవాళ్లను మనం అనుకున్నంత తొందరగా మర్చిపోరు, తక్కువగానూ చూడరు. అయితే ఓడినా నష్టం లేదని అప్పులు చేసి నిలబడడం మాత్రం వద్దు. ఎన్నిక అయిపోయాక మర్నాడు ఇంట్లోవాళ్లు కట్టాల్సిన అప్పు మిగలకూడదు. పని దగ్గర సెలవు దొరుకుతుందా, ఇంట్లో చంటిపిల్లలనో పెద్దవాళ్లనో నాలుగు నెలలు ఎవరు చూసుకుంటారు అన్నవి కూడా ప్రచార ప్రణాళికలో భాగమే. ఈ ప్రశ్నలకు ఇంట్లోవాళ్లతో కూర్చుని జవాబు చెప్పుకోలేకపోతే, వచ్చేసారి అనడమే సరైన నిర్ణయం. ఈలోగా కౌన్సిల్ నియమించే కమిటీల్లో, కాలనీ సంఘంలో చోటు సంపాదించి పనిచేయండి. ఆ ఏళ్లలో సంపాదించే పరిచయాలే మీ 24 పేర్ల కాగితాన్ని నింపుతాయి.

అసలు నిలబడకపోవడం కూడా ఒక ఎంపికే. మీరనుకున్న పనికి కౌన్సిల్ సంతకం అక్కర్లేకపోతే, లేదా ఇప్పుడున్న కౌన్సిలర్ ఆ పనికి సిద్ధంగా ఉండి జనం మద్దతు కోసం ఎదురుచూస్తుంటే, ఆ కౌన్సిలర్ వెనక నిలబడడం తక్కువ శ్రమతో అదే ఫలితం తెస్తుంది.

చేతిలో ఉన్న డబ్బు దేనికి

ఇక్కడ పెద్దగా ఆలోచించాల్సిన పని లేదు. 1998లో అమెరికాలోని న్యూ హేవెన్ నగరంలో అలన్ గెర్బర్, డొనాల్డ్ గ్రీన్ అనే ఇద్దరు పరిశోధకులు దాదాపు 30,000 మంది ఓటర్లతో ఒక ప్రయోగం చేశారు. కొందరి ఇళ్లకు మనిషి వెళ్లి మాట్లాడారు, కొందరికి ఉత్తరాలు పంపారు, కొందరికి డబ్బు తీసుకుని పనిచేసేవాళ్లు ఫోన్ చేశారు. ముఖాముఖి మాట్లాడినచోట పోలింగ్ బాగా పెరిగింది. ఉత్తరాల వల్ల కొద్దిగా పెరిగింది. ఫోన్‌ల వల్ల పెరిగిన జాడ లేదు. అది పోలింగ్ పెంచడానికి చేసిన ప్రయోగం, ఒక అభ్యర్థికి ఓట్లు పెంచడానికి కాదు. అయినా పోలింగ్ తక్కువగా ఉండే నగర ఎన్నికల్లో, మీవాళ్లు ఇల్లు కదిలి బూత్ దాకా రావడమే సగం గెలుపు. కాబట్టి నగరవ్యాప్త పోటీ అయితే తప్ప హోర్డింగులకు పెట్టే డబ్బును తలుపు తట్టే మనుషుల బస్సు చార్జీలకు, మంచినీళ్లకు, కరపత్రాలకు పెట్టండి. నగరవ్యాప్త పోటీలో మాత్రం హోర్డింగులు లేకుండా కుదరదు, మీ పేరు కూడా వినని లక్షలమంది ఉంటారు.

నామినేషన్ కాగితాలు

ఏ దారి ఎంచుకున్నా కాగితాల పని దాన్ని బట్టే మారుతుంది. ఇంగ్లండ్‌లో వార్డు కౌన్సిలర్‌గా నిలబడడానికి డిపాజిట్ అక్కర్లేదు. లండన్ మేయర్ పదవికైతే 10,000 పౌండ్లు కట్టాలి, 5 శాతం ఓట్లు రాకపోతే అది తిరిగి రాదు. భారతదేశంలో మున్సిపాలిటీకి నిలబడడానికి 21 ఏళ్లు నిండాలి, బ్రిటన్‌లో 18 చాలు. పార్టీ తరఫున నిలబడితే పార్టీ అధికారికంగా ఇచ్చే పత్రం గడువులోగా చేరాలి. ఇండిపెండెంట్‌గా అయితే కొన్నిచోట్ల ప్రతిపాదించేవాళ్ల సంతకాలు ఎక్కువ కావాలి. ఆ సంతకం చేసేవాళ్ల పేర్లు అదే వార్డు ఓటర్ల జాబితాలో ఉన్నాయో లేదో, జాబితాలో ఉన్న అక్షరాలతోనే రాశారో లేదో ఒకటికి రెండుసార్లు చూడండి. నగరానికి కట్టాల్సిన పన్ను బకాయి ఏదైనా ఉంటే ముందే కట్టి రసీదు దగ్గర పెట్టుకోండి. గడువు చివరి రోజు మధ్యాహ్నం దాకా ఆగకుండా రెండు రోజుల ముందే కాగితాలిచ్చేస్తే, గడువులోపు తప్పు బయటపడినా రెండో సెట్ వేసుకోవడానికి సమయం ఉంటుంది.